ఫ్యాషన్ డిజైన్ చదువుతూ చేతిలో పనినీ, మీదైన ముద్రనూ ఒకేసారి తెచ్చుకోవడం ఎలా?

"అక్కా, స్కెచ్‌లు బాగానే వేస్తాను. కానీ నాకంటూ ఒక స్టైల్ లేదు. పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలో తెలియట్లేదు."

ఇంటర్న్‌షిప్‌ల సమయం దగ్గరపడితే చాలు, ఈ మెసేజ్ వస్తూనే ఉంటుంది. పంపేది ఎక్కువగా రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లలే. కిందనే ఇరవై ముప్పై పింటరెస్ట్ ఫోటోలు కూడా ఉంటాయి. నేను తిరిగి అడిగేది ఒకటే: "నువ్వు కుట్టినది ఏదైనా తిరగేసి, లోపలి వైపు ఫోటో తీసి పంపు." చాలామంది దగ్గర ఆ ఫోటో ఉండదు.

ముందు స్టైల్ ఏమిటో తేల్చుకుని, తర్వాత పని నేర్చుకుందామని కూర్చుంటే రెండూ రావు. ఒకే బట్ట మీద ఒకే రకం బ్లౌజో కుర్తానో ఆరుసార్లు కుట్టిన మనిషికి తను ఏం ఇష్టపడుతుందో, ఏం భరించలేదో చేతులే చెప్తాయి. కింద రాసినదంతా ఆ పద్ధతే. వారానికి 6 నుంచి 8 గంటలు పెట్టగలిగితే ఒక సెమిస్టర్‌లో పూర్తవుతుంది.

కావాల్సినవి

- కుట్టు మిషన్. సొంతది లేకపోతే కాలేజీ ల్యాబ్, లేదా తెలిసిన టైలర్ షాపులో ఖాళీగా ఉండే మధ్యాహ్నం వేళలు.
- 11, 14 నంబర్ల సూదులు, మంచి కాటన్ దారం, కుట్లు విప్పే సాధనం.
- రెండు కత్తెరలు: ఒకటి బట్టకు, ఒకటి కాగితానికి. బట్ట కత్తెరతో పొరపాటున కూడా కాగితం కత్తిరించవద్దు, పదును పోతుంది.
- టేపు, స్కేలు, వంపులు గీసే స్కేలు, బ్రౌన్ పేపర్, సుద్ద.
- 3 మీటర్ల కోరా బట్ట, 5 మీటర్ల చేనేత కాటన్.
- 200 పేజీల గీతల్లేని నోట్‌బుక్. ఫోన్‌లో నోట్స్ వద్దు. దారప్పోగులు, బట్ట ముక్కలు అతికించాలి కదా.
- కొలతలివ్వడానికి ఒక మనిషి. మీ కొలతలకు మీరే కుట్టుకోకండి. వీపు వైపు ఏం తప్పు జరిగిందో మీకు కనబడదు.

1. ఇంట్లో పెట్టె తెరవండి

ఇంట్లో పాతబడిన మూడు బట్టలు తీయండి. అమ్మమ్మ రవిక, నాన్న లాల్చీ, మీ చిన్నప్పటి లంగా, ఏవైనా సరే. తిరగేసి లోపలి వైపు చూడండి. కుట్టు మార్జిన్ ఎంత వదిలారు? లావైతే విప్పుకోవడానికి వీలుగా పక్కన ఎన్ని కుట్లు వేశారు? లంగా పొడవు పెంచుకోవడానికి అడుగున ఎన్ని మడతలు వేసి కుట్టారు?

మా అమ్మమ్మ రవిక ఒకటి తిరగేసినప్పుడు చంక కింద చిన్న చదరపు ముక్క వేరే గుడ్డతో కుట్టి ఉంది. రంగు కూడా కలవలేదు. మొదట అతుకు అనుకున్నాను. వేసుకుని చెయ్యి పైకెత్తితే అర్థమైంది, రవిక నడుము దగ్గర ఒక్క పిసరు కూడా లేవలేదు. దండెం మీద బట్టలారేసే మనిషి కోసం చేసిన పని అది. చాలా ఏళ్లుగా నేను కుట్టే ప్రతి బ్లౌజ్‌లోనూ ఆ ముక్క ఉంటుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు: నోట్‌బుక్ నిండా జ్ఞాపకాలు రాసేస్తారు. జ్ఞాపకం ఒక్క లైను చాలు. మిగతాదంతా కొలతలు, కుట్టు రకం, బొమ్మ. హాస్టల్లో ఉంటే వీడియో కాల్‌లో అమ్మతో తీయించి టేపు పెట్టి కొలిపించండి. అమ్మలకు ఆ పని నిజంగా ఇష్టం.

2. ఒక బట్ట ఎంచుకోండి, కత్తెర పెట్టకముందు పరీక్షించండి

మంగళగిరి కాటన్, పోచంపల్లి ఇక్కత్, పెడన అచ్చు కలంకారీ, నారాయణపేట, పొందూరు ఖాదీ. వీటిలో మీ ఊరికి దగ్గరగా, మీటర్ల లెక్కన దొరికేది ఏదైనా తీసుకోండి. పట్టు ఇప్పుడే వద్దు. విప్పి మళ్లీ కుడితే సూది రంధ్రాలు అలాగే ఉండిపోతాయి.

ఈ నాలుగు పరీక్షలు తప్పనిసరి:

కుదింపు. బట్ట మీద 10 అంగుళాల చదరం దారంతో గుర్తు పెట్టి, ఆ ముక్కను నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. పొడవు 9.5 అంగుళాలకు వచ్చిందంటే 5 శాతం కుదించుకుపోయినట్టు.

రంగు. తడి తెల్ల గుడ్డతో గట్టిగా 20 సార్లు రుద్దండి. ముదురు ఎరుపు, ఇండిగో కొంత దిగుతాయి. బాగా దిగితే ఆ బట్టను తెల్ల లైనింగ్‌తో కలపకండి.

పోగు. ఒక పోగు లాగి కాల్చండి. కాటన్ కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నీళ్ల గిన్నె పక్కన పెట్టుకునే చేయండి.

ఇక్కత్ అయితే, రెండు వైపులా చూడండి. నేయకముందే పోగుకు రంగు వేస్తారు కాబట్టి అసలు ఇక్కత్‌లో డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ఒక వైపే ముదురుగా, రెండో వైపు వెలిసినట్టు ఉంటే అది ప్రింటు. ప్రింటు వాడడం తప్పు కాదు, దాన్ని పోచంపల్లి అని రాయడం తప్పు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు అక్కడ నేసినదానికే చెల్లుతుంది.

మొదటి పరీక్ష నేను చేయలేదు. రెండో ఏడాదిలో స్నేహితురాలి అక్కకు మంగళగిరి కాటన్‌తో 40 అంగుళాల కుర్తా కుట్టిచ్చాను. మొదటి ఉతుక్కే అంగుళంన్నర పైకి వెళ్లింది, మెడ బిగుసుకుంది. ఆవిడ ఏమీ అనలేదు, మడతపెట్టి తిరిగి నా చేతికిచ్చింది. ఆ రోజు నుంచి నానబెట్టని కాటన్ నా టేబుల్ మీదికి రాలేదు.

3. ఒకే రకం తొడుగు ఎంచుకోండి

నా సలహా బ్లౌజ్. చిన్నది, బట్ట తక్కువ పడుతుంది, ఫిటింగ్‌లో మాత్రం అంతకంటే కష్టమైనది మన దగ్గర లేదు. బ్లౌజ్ సరిగ్గా కూర్చోబెట్టగలిగిన చేతికి మిగతావి త్వరగా వస్తాయి. మగవాళ్ల దుస్తుల వైపు వెళ్లాలనుకుంటే చొక్కా తీసుకోండి, కాలరూ కఫూ మీ పరీక్ష. కుర్తా మూడో ప్రత్యామ్నాయం.

4. ఆరుసార్లు కుట్టండి, ప్రతిసారీ ఒక్కటే మార్చండి

అసలు పని ఇదే. తొందరపడొద్దు.

మొదటిది, కోరా బట్టతో. క్లాసులో చెప్పిన డ్రాఫ్టింగ్ యథాతథంగా. సరిగ్గా రాదు. తొడిగి, నాలుగు వైపులా ఫోటో తీసి, ముడతపడిన ప్రతి చోటా బట్ట మీదే పెన్నుతో గీత గీయండి.

రెండోది, మళ్లీ కోరా బట్టే. ఫిటింగ్ మాత్రమే సరిచేయండి. ముడత ఎటు చూపిస్తే సమస్య అటు ఉంటుంది. చంక నుంచి ఛాతీ మొనకు ఏటవాలు ముడత వస్తే, డార్ట్ (ఒంటి వంపు కోసం బట్టను మొనదేలేలా మడిచి కుట్టే కుట్టు) చాల్లేదనో దాని చోటు తప్పిందనో అర్థం. మెడ వెనక అడ్డంగా మడతపడితే వెనక పొడవు ఎక్కువైంది. డార్ట్ కుట్టు ఛాతీ మొన దాకా వెళ్లకూడదు, దానికి అర అంగుళం ముందే ఆగి సన్నగా జారిపోవాలి. లేకపోతే అక్కడ చిన్న బుడిపె నిలబడుతుంది.

మూడోది, అసలు బట్టతో. పోగు దిశ మార్చి చూడండి. నిలువు పోగున ఒక ముందు భాగం, క్రాస్‌లో, అంటే పోగుకు ఏటవాలుగా, ఒకటి కత్తిరించి తేడా చూడండి. క్రాస్ ఒంటికి అతుక్కుంటుంది, కానీ సాగుతుంది కూడా. కత్తిరించాక రాత్రంతా వేలాడదీసి, మర్నాడు అంచులు సరిచేశాకే కుట్టండి.

నాలుగోది, అంచు. మంగళగిరి నిజాం అంచును అందరూ చేతుల మీదే పెడతారు. మీరు ఎక్కడ పెడతారు? భుజం కుట్టు మీదా, వెనక మెడ కిందా, పట్టీ లోపలా? కాగితం మీద పది రకాలు గీసి, ఒకటి కుట్టండి.

ఐదోది, లోపలి వైపు. ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా మిషన్‌తో చుట్టే కుట్టు) వేయకుండా కుట్టండి. మార్జిన్‌ను లోపలికి దాచే ఫ్రెంచ్ కుట్టు, అణిచి కుట్టే కుట్టు, క్రాస్ పట్టీతో బైండింగ్, మూడూ మూడు చోట్ల వాడండి. చంక వంపు దగ్గర మార్జిన్‌లో అర అంగుళానికొక చిన్న గాటు పెట్టండి, కుట్టుకు దారమంత దూరంలో ఆపండి. గాట్లు లేకపోతే వంపు లాగేస్తుంది, కుట్టు దాకా వెళ్తే నెలకే చిరుగుతుంది. బైండింగ్ ఉన్న చోట గాట్లు పెట్టకండి.

ఆరోది, మీ ఇష్టం. షరతు ఒక్కటే: కొత్తగా ఏదైనా చేర్చే ముందు, ముందటి ఐదింటిలో ఉన్నది ఒకటి తీసేయండి. అక్కడ ఏం తీస్తారో, అది మీ గురించి చాలా చెప్తుంది.

ప్రతిదానికీ మొదలుపెట్టిన టైము, ముగించిన టైము నోట్‌బుక్‌లో రాయండి. ఏడో మెట్టులో ఈ లెక్కే కావాలి.

ఎలా సరిచూసుకోవాలి? కొత్త బట్టకు పైదారం, కింది దారం టెన్షన్ ముందు చిన్న ముక్క మీద చూసుకోండి. కింది దారం పైకి చుక్కల్లా కనబడితే పైదారం బిగువుగా ఉన్నట్టు. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు ఉండాలి, స్కేలు పెట్టి లెక్కపెట్టండి. తొడుక్కున్న మనిషిని చేతులు పైకెత్తమనండి, కిందికి వంగమనండి, పదిహేను నిమిషాలు కూర్చోమనండి. అద్దం ముందు కదలకుండా నిలబడితే బాగుండడం ఫిటింగ్ కాదు. చివరగా తిరగేసి పట్టుకోండి. లోపలి వైపు చూపించడానికి మనసొప్పకపోతే అది పూర్తికానట్టే.

5. కటింగ్ మాస్టర్ దగ్గర ఒక వారం, మగ్గం దగ్గర ఒక రోజు

మంచి టైలర్ షాపుకు మధ్యాహ్నం పూట వెళ్లి, "మాస్టర్ గారూ, కాలేజీలో చదువుకుంటున్నాను. ఒక వారం మీ దగ్గర కూర్చుని పని చూస్తాను, ఉక్సులు, కాజాలు కుట్టిపెడతాను" అని అడగండి. దసరా, సంక్రాంతి ముందు, పెళ్లిళ్ల సీజన్‌లో అడగకండి. ఆ రోజుల్లో వాళ్లకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. కస్టమర్ రెండు ముక్కల్లో చెప్పినదాన్ని మాస్టర్ ఎలా అర్థం చేసుకుంటాడో గమనించండి. "కొంచెం లూజు" అంటే ఎన్ని నూళ్లో (అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు) ఆయనకు తెలుసు, మనకు తెలియదు. డిజైనర్‌నని ఆయన కటింగ్‌ను మధ్యలో సరిదిద్దొద్దు.

మగ్గం చూడ్డానికి హైదరాబాద్ నుంచి పోచంపల్లి, పుట్టపాక పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. గుంటూరు, విజయవాడ వాళ్లకు మంగళగిరి, నెల్లూరు వాళ్లకు వెంకటగిరి, కాకినాడ వాళ్లకు ఉప్పాడ. పడుగు, పేక, ఆసు, చిటికి, ఈ మాటలు అక్కడే, చేతులు చూస్తూ నేర్చుకోండి. పుట్టపాకలో తేలియా రుమాలు నేసే ఇల్లు దొరికితే ఆ నూలు ముట్టుకుని చూడండి. నువ్వుల నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి నానబెట్టిన నూలు అది.

డిజైన్ అంటే ఏమిటో అర్థం కావడానికి ఒక సంగతి చెప్తాను. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే దారాన్ని మేకుల చుట్టూ వేలసార్లు చేత్తో తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎవరి భుజం నొప్పి పుడుతోందో చూసే కన్ను మనకూ కావాలి.

జాగ్రత్తలు: అడగకుండా ఫోటో తీయొద్దు. వెళ్లినప్పుడు కనీసం రెండు మీటర్లైనా కొనండి, బేరమాడకండి. నేసినవారు ఒప్పుకుంటే వారి పేరు, ఊరు రాసుకుని పోర్ట్‌ఫోలియోలో ఆ బట్ట పక్కనే వేయండి. "స్థానిక చేనేతకారులు" అని ఒక్క మాటలో తేల్చేయకండి.

6. మీ ముద్ర ఏమిటో మూడు లైన్లలో రాయండి

ఆరింటినీ ఒకే తాడు మీద వేలాడదీయండి. రెండు రోజులు అలాగే ఉంచి, వస్తూ పోతూ చూడండి. తర్వాత రాయండి: నేను మళ్లీ మళ్లీ చేస్తున్నది ఏమిటి? ఎప్పుడూ చేయనిది ఏమిటి? నేను కుట్టింది వేసుకునే మనిషి రోజంతా ఏం పని చేస్తుంది?

"సంప్రదాయాన్నీ ఆధునికతనూ మేళవిస్తాను" అని రాస్తే కొట్టేయండి. ప్రతి పోర్ట్‌ఫోలియోలో ఉండే వాక్యమే అది. ఇలా ఉండాలి: "అంచును కుట్టు మీదికి తెస్తాను. మెరుపులు వాడను. బస్సులో నిలబడి ఆఫీసుకు వెళ్లే ఆవిడ కోసం కుడతాను."

సరిచూసుకునే పద్ధతి: మీవి రెండు, క్లాస్‌మేట్స్‌వి ఆరు, పేర్లు లేకుండా కలిపి పెట్టండి. మీ పని ఇంతకుముందు ఒక్కసారే చూసిన జూనియర్‌ను పిలిచి, ఏవి మీవో చెప్పమనండి. రెండూ పట్టుకుంటే ముద్ర పడినట్టే. లేకపోతే నాలుగో మెట్టుకు వెళ్లి ఇంకో రెండు కుట్టండి. దిగులు పడకండి, ఇది నెలల్లో ముగిసే పని కాదు. హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా పేరు వింటే జాందానీ నేత గుర్తొస్తుందంటే, ఏళ్ల తరబడి దాన్ని వదలకుండా పట్టుకుని ఉండబట్టే.

7. స్పెక్ షీటు, ఖర్చు లెక్క

ముందూ వెనకా గీతల బొమ్మ, ప్రతి కొలత, ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో, బట్ట, దారం, ఉక్సుల వివరాలు ఒకే పేజీలో రాయండి. తర్వాత ఆ పేజీని ఇంకొకరికిచ్చి, మీరు పక్కన లేకుండా కుట్టమనండి. వాళ్లు ఫోన్ చేసి అడిగిన ప్రతి ప్రశ్నా మీ షీటులో లోటే. సిరిసిల్లలోనో అచ్యుతాపురంలోనో గార్మెంట్ ఫ్యాక్టరీలో చేరితే మొదటి రోజు నుంచీ ఇదే పని.

ఖర్చు లెక్క ఇలా (ధరలు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు వేసుకోండి):

బట్ట 1.5 మీటర్లు, మీటరు 350 చొప్పున: 525
లైనింగ్: 100
దారం, ఉక్సులు: 45
మీ పని 4 గంటలు, గంటకు 120: 480
ఇస్త్రీ, ఫినిషింగ్: 60
మొత్తం 1,210. కరెంటు, అద్దె కింద 10 శాతం కలిపితే 1,331. లాభం 25 శాతం వేస్తే సుమారు 1,665 రూపాయలు.

దాదాపు అందరూ మర్చిపోయేది నాలుగో లైను. "నేనే కుట్టాను కదా" అని మీ గంటలను సున్నా వేసుకోకండి. రేపు ఇద్దరికి జీతమివ్వాల్సి వచ్చినప్పుడు ఆ సున్నా మెడకు చుట్టుకుంటుంది.

8. పోర్ట్‌ఫోలియో

20 పేజీలు చాలు. మొదట చివరి బ్లౌజ్, తర్వాత అక్కడికి ఎలా చేరారో: పెన్ను గీతలున్న కోరా బ్లౌజ్, పోగు పరీక్ష ముక్కలు, లోపలి వైపు, స్పెక్ షీటు. ఫోటోలు ఉదయం వరండా వెలుగులో తీయండి, ఫిల్టర్ వద్దు. వివరణ ముందు తెలుగులో మీ అక్కకు చెప్పినట్టు రాసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో రాయండి. అప్పుడు అరువు మాటలు రావు. సాఫ్ట్‌వేర్ గురించి పెద్ద టెన్షన్ పడకండి. గీతల బొమ్మ శుభ్రంగా వేయగలిగితే మొదటి ఇంటర్న్‌షిప్‌కు సరిపోతుంది.

ఎక్స్‌పోర్ట్ కంపెనీకి పంపే కాపీలో స్పెక్ షీట్లు ముందుకు తెండి. సినిమా కాస్ట్యూమ్స్‌కైతే ఒక పాత్రకు మూడు సందర్భాల దుస్తులు చేర్చండి. బొటిక్‌కైతే ఫిటింగ్ ఫోటోలు.

మళ్లీ మళ్లీ వచ్చే ఒక ప్రశ్న

"టైలర్ పని నేర్చుకోవడానికా ఇంత ఫీజు కట్టింది?" అని ఇంట్లో అంటే ఏం చేయాలి?

వాదించకండి. టైలర్ పని తక్కువది కాదని మీరు నమ్మితే చాలు. నాన్న చొక్కాల్లో కాలర్ మడత దగ్గర పోగులు లేచినది ఒకటి తీసుకోండి. కాలర్‌ను బ్యాండ్ నుంచి మెల్లగా కుట్లు విప్పి వేరుచేయండి, సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టుకోండి. అరిగిన వైపు కిందికి వచ్చేలా తిరగేసి, మధ్య గుర్తు కలిపి గుండుసూదులు పెట్టి, పాత కుట్టు గీత మీదే మళ్లీ కుట్టండి. కాలర్ మొనలకు గుండీలున్న చొక్కా మాత్రం ఎంచుకోకండి, కాజాలు తలకిందులవుతాయి. గంటన్నర పని. ఇస్త్రీ చేసి, ఏమీ చెప్పకుండా బీరువాలో ఎప్పుడూ ఉండే చోటే పెట్టేయండి.